నా కుడిచేతికి రిటైర్‌మెంట్

మనిషిగా పుట్టిన ప్రతివాడికీ ఒక్కసారైనా పక్షవాతం రావాలి! కోపం తెచ్చుకోకండి పాఠకులారా, అనుభవించినవాణ్ణి చెబుతున్నాను.

పోయిన ఎండాకాలం ద్రాక్షతోటలో నిలబడి ఉండగా నాకొచ్చింది. మదురై ఆసుపత్రి వాళ్లు ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపారు గానీ, కుడికాలూ కుడిచేయీ మొండికేశాయి. ఆసుపత్రికి వెళ్లినవాడు వెంకటపతి అనే మామూలు రైతు. తిరిగొచ్చింది మహారాజు!

నమ్మరా? పొద్దున్నే నా పళ్లు నా కొడుకు ముకుంద్ తోముతాడు. చొక్కా గుండీలూ వాడే పెడతాడు. ఇడ్లీ తుంచి, సాంబారులో ముంచి, ఊది, నోట్లో పెట్టేది నా భార్య సౌందరం. టీవీ చానల్ మార్చాలని నేను అనుకునేలోపే కోడలు మాలిని మార్చేస్తుంది. నేను అనుకున్న చానల్ కాదు, అది వేరే సంగతి. ముక్కు మీద ఈగ వాలితే తోలడానికి ముగ్గురు లేస్తారు. ఈగలు భయపడి మా వీధికే రావడం మానేశాయి.

ఇంతటి భోగం రెండు చేతులూ బాగున్నవాడికి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

ఇక చూడ్డానికి వచ్చే చుట్టాలు! ఒక్కొక్కరి చేతిలో హార్లిక్స్ సీసా, నోట్లో ఒక వైద్యం. మా కోదండరామన్ బావ ఏకంగా రెండు పావురాలతో దిగాడు. వాటి రక్తం పూసి రుద్దితే చచ్చుబడ్డ నరం లేచి కూర్చుంటుందట. పావురాలు నన్ను చూశాయి. నేను పావురాలను చూశాను. మా ముగ్గురిలో ఎవరి ఒళ్లూ బాగుపడే సూచన కనిపించలేదు. సౌందరం జాలిపడి వాటిని పెరట్లో వదిలేసింది. ఎగిరిపోతాయనుకున్నాం. వేళకు గింజలు వేసే ఇల్లు వదిలి ఎవరు పోతారు? ఇప్పుడు అవి కూడా రెక్క కదపకుండా కూర్చుని మేస్తున్నాయి.

ఇంత వైభోగంలో నాకు ఒకే ఒక్క శత్రువు. పేరు జెబమలర్. తేని టౌన్లో ఫిజియోథెరపీ సెంటర్లో పనిచేస్తుంది. ప్రతి మంగళవారం, బుధవారం వచ్చి పోతూ ఉండాలని చెప్పారు. ఒక్కసారి వెళ్లాం.

ఆమె నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి, చింతగింజలు పోసి, కుడిచేత్తో ఏరి గిన్నెలో వేయమంది. మహారాజును చింతగింజలు ఏరమనడం! నేను చెయ్యి చాచేలోపే సౌందరం చకచకా అన్నీ ఏరి గిన్నె నింపేసింది.

"అమ్మా, చెయ్యి బాగలేనిది మీకా, అయ్యకా?" అంది జెబమలర్.

"పాపం, ఆయనకు కష్టంగా ఉంటుంది గదమ్మా."

"కష్టపడేదానికే గదా రమ్మన్నాం. మీరు కొంచెం తలుపు దాటి వెలిలో పోయి కూర్చోండి."

తర్వాత గోడ పట్టుకోకుండా నిలబడమంది. నిలబడ్డాను. ఊగాను. చెమటలు కారాయి, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అద్దం తలుపు అవతలినుంచి అది చూసి సౌందరం ఏడ్చేసింది. ఆ రోజుతో మా ఇంట్లో తేని మాట ఎత్తడం మానేశారు.

ఎవరూ వెళ్లవద్దనలేదు సుమా! మంగళ, బుధవారాల్లో ఉత్తరానికి శూలం, ఆ దిక్కుకు ప్రయాణం కూడదు. మా ఊరికి తేని ఉత్తరం. "శూలం మావా, ఎదురుపోగూడదు" అని సౌందరం గోడమీది క్యాలెండర్ చూపిస్తుంది. మొన్న ఒక మంగళవారం నా చెల్లెలు పాంచాలి మాత్రం వ్యాను మాట్లాడుకుని, మా ఆడవాళ్లందరినీ ఎక్కించుకుని, అదే తేనికి పట్టుచీరలు కొనడానికి వెళ్లింది. పాలు తాగి బయలుదేరితే ఉత్తరశూలం ఏమీ చేయదట. వ్యాను ఎక్కేముందు అందరూ గ్లాసెడు పాలు తాగారు. సౌందరం కూడా తాగింది.

ఆ చీరలు పాంచాలి కూతురు రంజని పెళ్లికి. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో ముహూర్తం. మాలో తాళికి ముందు మేనమామ పెళ్లికూతురి నుదుట పట్టం కట్టాలి. బంగారు రేకు నుదుటికి ఆనించి, దారం తల వెనక్కి తీసి, రెండు చేతులా ముడి వేయాలి. రంజనికి చెవులు కుట్టినప్పుడు నా ఒళ్లోనే కూర్చుని నా చొక్కా చింపింది. దాని నుదుట పట్టం కట్టే రోజు కోసం అప్పటినుంచీ కాచుకుని ఉన్నాను.

దానికీ మావాళ్లు ప్రేమగా ఏర్పాటు చేసేశారు. ముకుంద్ కడతాడట. నేను కుర్చీలో కూర్చుని దారం కొసను తాకాలట.

"పరవాయిల్ల అన్నా, నువ్వు అలిసిపోవద్దు. తాకితే చాలు" అంది పాంచాలి.

రంజని మాత్రం నా కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుని వేళ్లు మెల్లగా చాపి చూసింది.

"మామా, ఈ చెయ్యికి ఎవరైనా ఏమైనా పని చెప్తుండారా?" అని అడిగింది.

ఆసుపత్రినుంచి వచ్చాక నన్ను ఆ మాట అడిగిన మనిషి అదొక్కతే.

తర్వాతి మంగళవారం పొద్దున్నే సౌందరాన్ని పాలు అడిగాను.

"ఏంటికి మావా? కాఫీ పెడుతుండాను గదా."

"ఉత్తరం పోవాల."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "పడిపోతే?"

"పడితే లేస్తాను. లేచేది నేర్పేదానికే గదా ఆ అమ్మ రమ్మనింది."

సౌందరం కళ్లు తుడుచుకుని పాలు కాచి చల్లార్చింది. గ్లాసు నా నోటిదాకా తెచ్చి, ఆగి, నా కుడిచేతి పక్కన పెట్టింది. సగం పాలు చొక్కామీద పోసుకున్నాను. మిగిలిన సగం శూలానికి సరిపోయింది.

అయ్యా, అమ్మా, ఇంట్లో నాలాంటి మహారాజులు ఉన్నవాళ్లకు నా విన్నపం ఒక్కటే. మీ ప్రేమను కాసేపు వెలిలో కూర్చోబెట్టి మమ్మల్ని బస్సెక్కించండి. ఒక గుండీ పెట్టుకోవడానికి పూట పడితే పట్టనివ్వండి. మీరు మా పని అందుకున్న ప్రతిసారీ మా చెయ్యి ఇంకాస్త మాది కాకుండా పోతోంది.

నేనిప్పుడు చింతగింజలు దాటి దారం దాకా వచ్చాను. జెబమలర్ కుర్చీ కోడుకు దారం కట్టమంటుంది. కడతాను, ఊడుతుంది, మళ్లీ కట్టమంటుంది. పెళ్లి నాటికి వస్తుందో రాదో ఆమె కూడా మాట ఇవ్వడం లేదు.

పెళ్లికి అందరూ రండి. పట్టం కట్టేటప్పుడు నా వేళ్లు తడబడితే దయచేసి ఎవరూ కుర్చీలోంచి లేవకండి. నాదస్వరం సుబ్రమణియానికి ముందే చెప్పి పెట్టాను: నా ముడి పడేదాకా మేళం ఆపకూడదని.