అవగాహన ఎక్కువైన అపార్ట్‌మెంటు

జనాభా లెక్కల వల్ల దేశానికి ఎంత మేలో నాకు తెలియదు గానీ, వాటి మీద జరిగే ప్రచారం వల్ల మాత్రం అంతకు పదింతల మేలు జరుగుతుంది. ఇది నోటికొచ్చి అంటున్న మాట కాదు. మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిగా, పత్రికలో కాలమ్ రాసే మేధావిగా అనుభవం మీద చెబుతున్నాను.

ఆదివారం ఉదయం లెక్కలు రాసుకోవడానికి వస్తాననీ, దయచేసి అందరూ ఇళ్ళలో ఉండమనీ ఒక టీచరమ్మ మా గేటుకు కాగితం అంటించి వెళ్ళారు. చూసి నా మనసు చివుక్కుమంది. ఇంత పెద్ద జాతీయ కార్యక్రమానికి ఇదా ప్రచారం? బ్యానరేదీ? మైకేదీ? చైతన్యం ఊరికే వస్తుందా?

వెంటనే సంఘాన్ని సమావేశపరిచి అవగాహన నడక ప్రతిపాదించాను. ఎప్పుడు పెట్టాలన్న దగ్గర కాస్త తర్జనభర్జన జరిగింది. మామూలు రోజుల్లో ఎవరూ ఇంటిపట్టున ఉండరు. అప్పుడు నా బుర్ర పాదరసంలా పనిచేసింది. టీచరమ్మ పుణ్యమా అని ఆదివారం ఉదయం అందరూ ఇళ్ళలోనే ఉంటారు కదా, అప్పుడే పెట్టుకుందాం అన్నాను! ఒక్కరూ అడ్డు చెప్పలేదు. కింది ఫ్లాటు పళ్ళ డాక్టరుగారైతే కార్యదర్శి అంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు కూడా.

టోపీలు వచ్చాయి. టీషర్టులు వచ్చాయి. నాకు మిగిలిన టీషర్టు బొడ్డు దాటి కిందికి దిగనంది. దేశం కోసం ఊపిరి బిగబట్టాను. బ్యానరు మీది నినాదం నా సొంతం: ‘ఇంట్లోనే ఉందాం, లెక్కకు అందుదాం’.

బయల్దేరుతుంటే మా పెద్దమ్మ ఆపింది. మోకాళ్ళ నొప్పులతో మా దగ్గరే ఉంటోంది.

“ఆవిడ వచ్చేది ఇవాళే కదరా, అందరూ ఎక్కడికి పోతున్నారు?”

“జనానికి అవగాహన కల్పించడానికి పెద్దమ్మా.”

“జనమంతా నీ వెనకే ఉన్నారు కదరా.”

పెద్దవాళ్ళకు ఇలాంటివి ఎక్కడ అర్థమవుతాయి? మైకు అందుకున్నాను.

నడక జోరుగా సాగింది. వాచ్‌మన్ కూడా బ్యానరుకు ఒక కొస పట్టుకున్నాడు. లిఫ్టుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని మరీ వచ్చాడు. వీధి మలుపులో భుజాన సంచితో ఒకావిడ ఎదురుపడ్డారు. నేను ఊరుకుంటానా? ఆవిడ నెత్తిన టోపీ పెట్టి, చేతిలో కరపత్రం పెట్టి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాను. ఆవిడ మెడలో ఐడీ కార్డు వేలాడుతోందట. పొట్ట లోపలికి లాక్కునే హడావుడిలో నాకు కనబడలేదు.

ఆవిడ మాది ఏ అపార్ట్‌మెంటని అడిగారు. గర్వంగా చూపించాను.

“ఇప్పుడు అక్కడ ఎవరైనా ఉన్నారా సార్?”

“మా పెద్దమ్మ ఒక్కతే మొండికేసింది. మిగతా అందరినీ కదిలించేశాం మేడమ్.”

ఆవిడ సంచి భుజం మీదికి లాక్కుని మా అపార్ట్‌మెంటు వైపు గబగబా నడిచారు. మా ప్రచారం అప్పుడే పనిచేసిందనుకున్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది. ఆ టీచరమ్మ అన్ని అంతస్తులూ మెట్లెక్కి, అన్ని తాళాలూ చూసి, ఆయాసపడుతూ మా తలుపు కొట్టారట. పెద్దమ్మ కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, తన వివరాలు మాత్రం చెప్పిందట. మరి మా సంగతో అంటే, “వాళ్ళు ఇంట్లో ఉంటారని నేనెట్లా చెప్పేదమ్మా, ఉన్నప్పుడు వచ్చి అడుగు” అని పంపేసిందట. ఆ రోజుకు మా అపార్ట్‌మెంటు జనాభా పెద్దమ్మ ఒక్కతే!

మర్నాడు మా ఫొటో పేపర్లో పడింది. వార్డు ఆఫీసువారు పొంగిపోయి మాకు సన్మానం ప్రకటించారు. హాలు బోసిపోకూడదు కాబట్టి, ఆ రోజు లెక్కల పని ఆపేసి టీచర్లందరూ తప్పక హాజరు కావాలని హుకుం జారీ చేశారు. జనగణనలో జన భాగస్వామ్యం మీద నేను తనివితీరా మాట్లాడాను. ముందు వరసలో ఒకావిడ సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం వంకే చూస్తున్నారు.

జ్ఞాపిక పట్టుకుని దిగగానే ఆవిడ ఫోను తెరిచి నా ముందు నిలబడ్డారు. దొరికిన చోటే రాసేసుకుంటానన్నారు. ఇంట్లో ఎందరు, నీళ్ళు ఎక్కడివి, అన్నీ అడిగారు. వృత్తి దగ్గర రచయితనన్నాను. అదనంగా ఏమైనా చేస్తారా అన్నారు. జనాన్ని ప్రోత్సహిస్తానన్నాను. ఆవిడ జాబితాను అట్టడుగు దాకా జరిపి ‘ఇతరములు’ మీద నొక్కారు.

పక్క వీధి అపార్ట్‌మెంటు పని ఎలా సాగుతోందని కుశలం అడిగాను.

“మొన్ననే అయిపోయింది సార్. అక్కడ ఎవరూ ఏమీ చేయలేదు. బెల్లు కొట్టాను, తలుపు తీశారు, అడిగినవి చెప్పారు.”

“నడక? బ్యానరు?”

“ఏవీ లేవు సార్.” ఆవిడ టోపీని సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టారు. “మీరు కూడా ఇంకోసారి ప్రోత్సహించకండి. ఇంట్లో ఉండండి, చాలు.”

ఆ పక్క వీధి వాళ్ళను తలచుకుంటే గుండె తరుక్కుపోతోంది. అంత చదువుకున్నవాళ్ళు, బెల్లు కొడితే తలుపు తీయడమేమిటి? బొత్తిగా అవగాహన లేకుండా లెక్కలోకి ఎక్కిపోయారు, పాపం!