ఉయ్యాలలో చిల్లుకాణీ

ఆ ఉదయం కేశవరావు వేసుకున్న పథకం చిన్నది. వడ్రంగిచేత ఉయ్యాలబల్ల దింపించాలి, పదకొండింటి బస్సుకి అమలాపురం వెళ్ళాలి. అక్కడ లాడ్జిలో దిగిన పాతనాణేల వ్యాపారి చిల్లుకాణీకి ఇరవై వేల దాకా ఇస్తాడని పేపర్లో పడింది.

కాణీ ఉయ్యాలలోనే ఉంది. కొత్తకాపురంలో, కిర్రుమంటే నిద్ర పట్టడం లేదని ఆయన కసిరితే, భార్య నాగదుర్గ కొక్కేనికీ కడ్డీకీ మధ్య దాన్ని పెట్టించింది. చప్పుడు ఆగింది. "డబ్బుని ఇనుముకి తినిపిస్తావా?" అని అందుకూ కసిరాడు. ఆవిడ పోయి రెండేళ్ళు. ఇప్పటికీ మధ్యాహ్నం ఆ బల్లమీద కన్ను మూతపడితే చాలు, కొబ్బరాకుల నీడలు గోడమీద నీళ్ళలా పారేవి. పసుపు రాసిన కాళ్ళు నేలను తాకేవి. ఉయ్యాల కదిలేది. ఆగిన తగవు ఆగినచోటి నుంచే మొదలయ్యేది.

ఇరవై వేలొస్తే వంటమనిషిని పెట్టుకోవచ్చు. నాగదుర్గ అక్క వీరాయమ్మ పక్కవీధి నుంచి రెండు పూటలా పంపే పులుసూ, దాంతోపాటు వచ్చే దెప్పుళ్ళూ తప్పుతాయి.

"ఇంత మంచి ఉయ్యాల దింపడమేంటండీ?" అన్నాడు వడ్రంగి సూరిబాబు.

కాణీ సంగతి చెబితే వాటా అడుగుతాడు. "ఇంట్లోకి ఆడమనిషిని తెచ్చుకుంటున్నాను. నోరుమూసుకుని పని చూడు."

"ఆయ్," అన్నాడు సూరిబాబు. ఆ నోరు వీధి మలుపు దాకానే మూసుకుని ఉంది.

అమలాపురంలో వ్యాపారి భూతద్దం పెట్టి చూశాడు. "అచ్చు లేదండీ. సంవత్సరం లేదు, కిరీటం లేదు. ఎవరో నలభై ఏళ్ళు పనిగట్టుకుని అరగదీసేరు."

"పనిగట్టుకుని కాదు. కూర్చుని."

తిరుగు బస్సులో, అంబాజీపేట కొబ్బరి లారీల వెనక, కునుకు పట్టింది. కలలో కడ్డీలు గాలికి ఊగుతున్నాయి. బల్ల లేదు. ఆవిడా లేదు.

ఇంటికొచ్చేసరికి వీరాయమ్మ అరుగుమీద ఉంది. చేతిలో పులుసుగిన్నె లేదు. వెనక సగం వీధి ఉంది.

"పెళ్ళికూతురిది ఏ ఊరు మరిదిగారూ? మా చెల్లి ఉయ్యాల గోడకి నిలబెట్టేరు. దాని ఫొటో ఎప్పుడు తీసేస్తారు?"

"పెళ్ళికూతురు కాదు వదినగారూ, వంటమనిషి."

"ఓహో! వంటమనిషికి ఉయ్యాల అడ్డొచ్చిందా?"

పెళ్ళిళ్ళ మధ్యవర్తి వెంకటరమణ జేబులోంచి ఓ ఫొటో తీసి ముందుకొచ్చాడు. "రాయవరం సంబంధమండీ. వంట కూడా దివ్యంగా చేస్తారండీ."

కేశవరావు కాణీ బయటికి తీసి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. వీధి చప్పబడింది.

"ఎంతిస్తానన్నాడు?" అంది వీరాయమ్మ.

"ఏమీ ఇవ్వనన్నాడు."

"అయితే నా దగ్గరుంటుంది. మా చెల్లి గుర్తు." వీరాయమ్మ కాణీ అందుకుని కొంగున ముడేసింది.

కేశవరావు జన్మలో ఎవరినీ బతిమాలలేదు. "ఇచ్చెయ్యండి వదినగారూ. అది లేకపోతే..." గోడకానించిన బల్లకేసి చూశాడు.

వీరాయమ్మా బల్లకేసే చూసింది. కొంగుముడి విప్పింది. "వంటమనిషి మాటెత్తకూడదు. నా పులుసుకి వంక పెట్టకూడదు. బతికున్నంతకాలం."

"ఆయ్," అన్నాడు కేశవరావు.

మర్నాడు సూరిబాబు కాణీని మళ్ళీ దాని చోటనే పెట్టి బల్ల తగిలించాడు. మధ్యాహ్నం కొబ్బరాకుల నీడలు గోడమీద పారాయి. పసుపు కాళ్ళు నేలను తాకాయి.

"అక్క పులుసు ఎలా ఉంటోంది?" అడిగింది నాగదుర్గ.

కేశవరావు చుట్టూ ఒకసారి చూసుకుని, "అమృతం," అన్నాడు.