దిబ్బ మీద శవం

ఆదివారం పొద్దున గంగాధరప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. చెరువు మధ్య దిబ్బ మీద సాయంత్రం దాకా కదలకుండా పడుకోవాలి. హిమాలయాలు దాటి వచ్చే చారల బాతులు దిగితే బొమ్మ గీసుకోవాలి. ఆయన అనంతపురంలో డ్రాయింగు మాస్టరు. ఏటా కార్తీకంలో ఆ బాతుల కోసమే గార్లదిన్నె అవతల ఉన్న బోడిగుట్టపల్లెకు వస్తాడు. పందొమ్మిది వందల యాభై రెండు కరువులో ఆ చెరువు మోకాటి లోతుకు దిగింది. ఊరు అంతకన్నా కిందికి దిగింది.

ఈదురుగాలి దిబ్బను ఊడ్చేస్తోంది. మాస్టరు గొంగడికి బురద పూసి, అది కప్పుకుని బోర్లా పడుకున్నాడు. కాసేపటికి పైన రాబందులు తిరగసాగాయి.

కట్ట మీద నుంచి అది చూసిన సుంకన్న, ఊరిపెద్ద వెంకటప్ప దగ్గరికి పరుగెత్తాడు.

"పెద్దప్పా! దిబ్బ మీద ఎవడో ఆకలికి సచ్చి పడినాడు!"

వెంకటప్ప ముఖం వెలిగింది. ఒక్క ఆకలి చావైనా చూపిస్తే తప్ప గంజి కేంద్రం తెరవనని తాసిల్దారు తేల్చి చెప్పాడు. ఆయన మకాం ఇప్పుడు గార్లదిన్నెలోనే. వెంకటప్ప సుంకన్నను అటు తరిమి, తను నలుగురితో నీళ్ళలోకి దిగాడు. వెనకే ముసలి నల్లమ్మ, ఖాళీ సట్టితో.

వాళ్ళు చేరేసరికి శవం తలెత్తింది. "ఉష్! అరవద్దండప్పా, బాతులు బెదురుతాయి."

వెంకటప్ప కూలబడ్డాడు. "బతికే ఉండావా! కొంప ముంచితివి కదప్పా! నువ్వు సచ్చినావని తాసిల్దారుకు చెప్పి పంపితిమే!"

"నన్నొక మాటైనా అడక్కుండానా?"

"ఎట్లాగూ పండుకోనే ఉండావు గదా నాయనా," అంది నల్లమ్మ. "ఆ పండుకునేదేదో సచ్చినోని మాదిరి పండుకో. మొన్నటి నుంచి నా కడుపులో గింజ పడల్యా."

మాస్టరు పుల్లల్లా ఎండిన ఆమె చేతుల వంక చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

సుంకన్నను ఎక్కించుకుని జీపులో వచ్చిన తాసిల్దారు బురదలో దిగనన్నాడు. శవాన్నే కట్ట కిందికి మోసుకొచ్చారు. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దూరం నుంచే చూశాడు.

"సరే, రేపే గంజి కేంద్రం. ఇక పూడ్చండి. పూడ్చేదాకా నేను కదలను. లేకపోతే ఇదే శవాన్ని పక్క ఊరివాళ్ళూ చూపిస్తారు."

గత్యంతరం లేక గుంత తవ్వారు. మాస్టరును అందులోకి దింపారు.

"మొకం మీద మాత్రం మన్ను పొయ్యద్దు," గొణిగింది శవం.

"నోరు మూసుకోన్నా, కాళ్ళ కాడ్నే పోస్తాంలే," అన్నాడు సుంకన్న.

నల్లమ్మ గుంత గట్టున కూర్చుని గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. ఆ ఏడుపుకు తాసిల్దారు సైతం టోపీ తీశాడు. కాసేపటికి ఆమె గొంతు ఆగిపోయింది. నటించింది చాలనుకుందేమోనని అందరూ ఊరుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఉత్తరపు గాలి మీద బారుకట్టిన రెక్కలు. ఆకాశమంతా కూత. గుంతలో శవం లేచి కూర్చుంది.

"వచ్చినాయి! చారల బాతులే! చూడండప్పా!"

ఎవరూ పైకి చూడలేదు. అందరూ తాసిల్దారు ముఖమే చూస్తున్నారు. ఆయన టోపీ పెట్టుకున్నాడు.

"ఈ ఊళ్ళో ఆకలీ లేదు, గంజీ లేదు!" అని జీపు వైపు నడిచాడు.

ఇక పోదాం పద అవ్వా అంటూ సుంకన్న నల్లమ్మ భుజం తట్టాడు. ఆమె పక్కకు ఒరిగిపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి కేక పెట్టాడు.

"దొరా! నల్లమ్మవ్వ పోయింది! ఇది నిజం దొరా, నిలబడండి!"

తాసిల్దారు వెనక్కి తిరగలేదు. "ఆమెను కూడా లేవమనండి."

ఆ ఊళ్ళో తాసిల్దారు మాట వినని మనిషి నల్లమ్మ ఒక్కతే.