అరవై గంటలు కదలకుండా

మానవ శరీరంలో రెండువందల ఆరు ఎముకలున్నాయనీ, వాటిలో ఏ ఒక్కటీ తగిన ఫారం నింపకుండా కదలడానికి వీల్లేదనీ నాగరికత ఏనాడో తీర్మానించింది. ఆ తీర్మానాన్ని అమలు చేయడానికే ఆస్పత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలు వెలిశాయి. (నొప్పులు తగ్గించడానికని కొందరు పొరబడుతుంటారు. అది కేవలం దుష్ఫలితం.)

ఈ సంగతి తెలియకే తూనీగ ఆ వృత్తి మీద మనసు పారేసుకుంది.

తూనీగ అనేది అసలు పేరు కాదు. పుట్టి ఇరవై నాలుగేళ్ళయినా ఒకచోట ఐదు నిమిషాలు కుదురుగా కూర్చున్న దాఖలా లేకపోవడంతో ఇంట్లోవాళ్ళిచ్చిన బిరుదు. ఉద్యోగం చెప్పుల షాపులో. పొద్దస్తమానం వంగుతూ లేస్తూ వచ్చినవాళ్ళ పాదాలు కొలవడమే పని. కొలిచి కొలిచి, మనిషి మొహం చూడకుండానే నడుము జాతకం చెప్పగల స్థితికి చేరుకుంది. ఒకనాడు ఒక పెద్దాయన పాత బూట్లు తిరగేసి చూసి, "బాబాయ్ గారూ, ఎడమ మడమ బయటివైపే అరిగిపోయింది చూడండి. తప్పు బూటుది కాదు, తుంటిది. ఒకసారి చూపించుకోండి" అంది. ఆయన బూట్లు కొనకుండానే వెళ్ళిపోయాడు. మూడు నెలల తర్వాత చేతికర్ర లేకుండా నడిచొచ్చి, "అమ్మాయ్, నువ్వుండాల్సింది ఇక్కడ కాదు" అన్నాడు. అదే మాట షాపు ఓనరు అంతకు మూడు నెలల ముందే అన్నాడు. ఉద్దేశమే వేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తూనీగ ఫిజియోథెరపీ కోర్సు చదవాలన్న తన నిర్ణయం ప్రకటించింది.

"ఒళ్ళు పట్టే ఉద్యోగమా?" అన్నాడు నాన్న, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"ఒళ్ళు పట్టడం కాదు నాన్నా, నడవలేనివాళ్ళని నడిపించడం."

"ఇన్నాళ్ళూ కాళ్ళు పట్టుకున్నావు, ఇప్పుడు నడుం దాకా ఎదిగావు. ప్రమోషనేలే."

"పోనీలెండి, మంచిదేగా" అంది అమ్మ. "పదేళ్ళ నుంచీ మీ మెడ ఒక్కవైపే తిరుగుతోంది."

"ఎటువైపక్కా?" అంది పిన్ని.

"ఇంకెటు? టీవీ వైపు."

మర్నాటికల్లా బంధువర్గమంతా తమ తమ మోకాళ్ళతో, భుజాలతో తరలివచ్చింది. తూనీగ చదువుకి వెన్నుదన్నుగా నిలబడతామని అందరూ మాటిచ్చారు. వెన్నులు మాత్రం ముందు చూడమన్నారు.

అయితే ఆ కోర్సుకి దరఖాస్తు చేయాలంటే ఏదైనా ఆస్పత్రిలో అరవై గంటల 'వృత్తి పరిశీలన' పూర్తిచేసి, ధ్రువపత్రం జతచేయాలి. గడువు నెలాఖరు. సెలవడిగితే ఓనరు, "సీటొస్తే వెళ్ళు, రాకపోతే రాకు" అని నిండు మనసుతో దీవించాడు.

ఫిజియో విభాగం కౌంటర్లో గుమాస్తా ఆమెకి నిబంధనలు బోధించాడు.

"పరిశీలనంటే ఏంటమ్మా?"

"చూడ్డమండీ."

"అదీ! మాట్లాడ్డం కాదు, ముట్టుకోడం కాదు, సలహాలివ్వడం అసలే కాదు. ఆ స్టూలు మీద కూర్చోవాలి. కదలకూడదు."

కదలకూడదన్నది ఆయన సొంత కవిత్వం కాదు. 'పరిశీలకులు స్థిరచిత్తులై, స్థిరదేహులై ఉండవలెను' అని పధ్నాలుగో నిబంధన. దాని అమలుకి ఒక యాప్ ఉంది. ఫోనుని పట్టీతో చేతికి కట్టుకోవాలి. చెయ్యి కదిలితే గడియారం ఆగుతుంది. మనిషి లేచి నిలబడితే ఆ గంట మొత్తం రద్దు. (ఈ యాప్‌ని రూపొందించిన సహాయ ఉపసంచాలకులు, కదలికల విభాగం, గత పదకొండేళ్ళుగా కుర్చీలోంచి లేవలేదని వినికిడి. పదవిలోంచి అసలే లేవలేదు.)

స్టూలు ఇనుపది. ఆనుకోవడానికి వెనక ఏమీ లేదు. ఎదురుగా గోడ మీద మాత్రం రంగుల పోస్టరుంది: 'అరగంటకోసారి లేచి నడవండి. మీ నడుము మిమ్మల్ని దీవిస్తుంది.'

తూనీగ రోజుకి ఐదు గంటల చొప్పున ఆ పోస్టరుని చదివింది. మధ్యమధ్యలో ఫిజియో మేడమ్‌ని చూసింది. పక్షవాతం వచ్చిన ఒక బడిపంతులు సుద్దముక్క పట్టుకోవడానికి రోజూ కుస్తీ పట్టేవాడు. అది జారిపోయేది. మేడమ్ తీసిచ్చి, "ఇంకోసారి, మాస్టారూ" అనేది. మళ్ళీ జారేది, మళ్ళీ తీసిచ్చేది. తొమ్మిదో రోజు ఆ సుద్దముక్క వేళ్ళ మధ్య నిలిచింది. మాస్టారు పలక మీద ఒక వంకర గీత గీశాడు. మేడమ్ దాన్ని చాలాసేపు చూసి, "ఇంకోసారి" అంది.

తూనీగకి చప్పట్లు కొట్టాలనిపించింది. కొడితే గడియారం ఆగుతుంది. కన్నీళ్ళు మాత్రం యాప్ లెక్కలోకి రావు. (ఈ లోపాన్ని తదుపరి వెర్షన్లో సరిదిద్దుతున్నారు.)

ఏడో రోజున నడుము కుడివైపు చిన్న సలుపుతో మొదలైన వ్యవహారం, పన్నెండో రోజుకి భుజాల మీదుగా మెడ దాకా విస్తరించింది. యాభై ఎనిమిది గంటలు పూర్తయ్యాయి. ఇక రెండే రెండు. తూనీగ పళ్ళబిగువున కూర్చుంది.

"ఏమ్మా, అంత వంకరగా కూర్చున్నావేం?" అంది ఫిజియో మేడమ్.

"పరిశీలిస్తున్నానండీ."

"ఎవర్ని?"

"మిమ్మల్నేనండీ. మెడ తిరగట్లేదు, ఇంకెవర్నీ పరిశీలించలేను."

"కదలకు."

"ఆ భయమేం లేదండీ."

మేడమ్ ఆమె వెనక చేరి, నడుం దగ్గర రెండు వేళ్ళు ఆనించి, "ఊపిరి వదులు" అంది. ఐదు రోజుల నుంచి పట్టుకున్నదేదో పట్టు వదిలేసింది. యాభై ఎనిమిది గంటలు చూసినా తెలియనిది ఆ అరనిమిషంలో తెలిసింది. సరిగ్గా అప్పుడే గుమాస్తా రిజిస్టరుతో ప్రవేశించాడు.

"మేడమ్, చెయ్యేశారా?"

"వేశాను. నొప్పితో అల్లాడుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"చూస్తూ ఊరుకోవాల్సింది ఆవిడండీ. ఇరవై రెండో నిబంధన. మీ చెయ్యి ఎవరి మీద పడితే వాళ్ళు పేషెంటు. పేషెంటు పరిశీలకురాలు కాకూడదు." అంటూనే రిజిస్టర్లో ఎక్కించేశాడు. యాభై ఎనిమిది గంటలూ అక్కడికక్కడే సున్నా అయ్యాయి.

"కానీ నాకు తగ్గిపోయిందండీ!" అంది తూనీగ.

"సంతోషం. ఇంకా తొమ్మిది సిట్టింగులున్నాయి."

"తగ్గిపోయాక ఎందుకండీ?"

"ఫారంలో పది గడులున్నాయి కదమ్మా. వారానికి రెండే నింపాలి."

గడువు ఇంకా నాలుగు రోజులు. తూనీగ సూపరింటెండెంటు గది ముందు కాళ్ళు పడిపోయేలా నిలబడింది. ఆయన మెడకి పట్టీతో, నిండైన కరుణతో విన్నాడు.

"నీ భవిష్యత్తుకి మోకాలడ్డే ఉద్దేశం మాకు లేదమ్మా. మేడమ్ నీ మీద చెయ్యి వెయ్యలేదని ఒక ముక్క రాసివ్వు. నీ గంటలు నీకొస్తాయి, మిగిలిన రెండూ రేపు కూర్చో."

"మరి రిజిస్టర్లో రాశారుగా?"

"తప్పుడు ఎంట్రీకి కారణమైనందుకు ఆవిడకో మెమో వెళ్తుంది. ఇంక్రిమెంటొకటి ఆగుతుంది. మామూలే."

కాగితం, కలం ముందుకు జరిగాయి. తూనీగ కలం తీసుకుంది. కోర్సు కనిపించింది, చెప్పుల షాపు కనిపించింది, ఓనరు మొహం మరీ స్పష్టంగా కనిపించింది. కలం కింద పెట్టేసింది.

"చెయ్యి పడిందండీ" అంది. "బాగా పడింది."

బయటికొచ్చి చెబితే మేడమ్ తల పట్టుకుంది. "పిచ్చిమొహమా, రాసిచ్చేయకపోయావా? నా దగ్గర ఇప్పటికే మెమోలు ఫైలు నిండా ఉన్నాయి. మరి ఉద్యోగం?"

"పోయినట్టేనండీ. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను."

మేడమ్ గొంతు తగ్గించింది. "పేషెంటు కదలొచ్చు తెలుసా? మాట్లాడొచ్చు. వంద ప్రశ్నలడగొచ్చు. తొమ్మిది సిట్టింగులున్నాయి. పుస్తకం, పెన్ను తెచ్చుకో."

రెండో సిట్టింగుకి తూనీగ పుస్తకంతో వెళ్ళింది. పక్క మంచం మీద బోర్లా పడుకుని రాసుకుంటున్న ఒకావిడ తలెత్తి పలకరింపుగా నవ్వింది.

"మీరు ఎన్నో గంటలో పేషెంటయ్యారు?"

"యాభై ఎనిమిది."

"అబ్బ, గట్టివారే. నాది నలభై ఒకటి. అదుగో, ఆ కిటికీ పక్కాయన ఇరవై దాటలేదు పాపం."

ఆ సంవత్సరాంతపు నివేదికలో ఆస్పత్రి యాజమాన్యం సగర్వంగా ఇలా ప్రకటించుకుంది: 'ఫిజియోథెరపీ పట్ల యువతలో ఆసక్తి అపారం. ఈ ఏడాది వృత్తి పరిశీలనకు వచ్చిన పదకొండు మందిలో ఏ ఒక్కరూ మా విభాగాన్ని విడిచి వెళ్ళలేకపోయారు.'