ఓర్పు గది

మత్తుమందు నొప్పిని పోగొట్టదు, పక్కమనిషికి పంపిస్తుంది; అందుకని జిల్లా ఆసుపత్రిలో ఏ ఆపరేషన్‌కైనా ఇద్దరు రావాలి, కోయించుకునేవాళ్లు ఒకరు, ఓర్చుకునేవాళ్లు ఒకరు. రక్తం కావాలంటే ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు రమ్మంటారు చూడండి, ఇదీ అలాంటిదే. మందు కొత్తగా వచ్చిన రోజుల్లో కొందరు గొడవ చేశారట గానీ, ఇప్పుడు ఎవరూ దాని గురించి మాట్లాడుకోరు. పొద్దున్నే ఆసుపత్రి గేటు దగ్గర ఇడ్లీబండి పక్కనే పళ్ల మధ్య కరిచిపెట్టుకునే గుడ్డచుట్టలు అమ్ముతుంటారు.

ఆపరేషన్ థియేటర్‌ని ఆనుకుని ఓర్పు గది ఉంటుంది. లోపల బెంచీలు, ఒక ఫ్యాను, గోడ మీద "అరవరాదు, పక్కగదిలో డాక్టర్లు పనిలో ఉన్నారు" అని బోర్డు. ఓర్చుకునేవాళ్లు రక్తసంబంధీకులో, పెళ్లితో చుట్టరికం కలిసినవాళ్లో అయ్యుండాలి, మైనారిటీ తీరి ఉండాలి. అంతేగానీ ఆడవాళ్లే ఓర్చుకోవాలని రూల్సులో ఎక్కడా లేదు. ఈ సంగతి సూపరింటెండెంటు గారు ప్రతి మీటింగులోనూ గర్వంగా చెబుతారు. మగవాళ్ల కోసం విడిగా ఒక బెంచీ కూడా వేయించారు. దాని మీద ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లు పెట్టుకుంటారు.

చూడామణి పెళ్లై వచ్చిన ఏడాదే ఆ గది చూసింది. అత్తగారు రాజ్యలక్ష్మమ్మకి తుంటి ఎముక విరిగింది. మొగుడు ఉమాపతి మిరపకాయల యార్డులో గుమాస్తా; సీజను కావడంతో సెలవు దొరకలేదు. కొత్తకోడలికి తీరికే కదా మరి. మొదటిసారి ఓర్చుకునేవాళ్ల ఎడమ మణికట్టుకి ఒక తెల్లదారం కడతారు, నొప్పికి దారి తెలియడానికి. ఒకసారి తెలిశాక దారం తెంపేసినా లాభం లేదు, ఇక ఆ ఇంటి నొప్పులకి ఆ దారే అలవాటైపోతుంది. థియేటర్‌లోకి వెళ్లేముందు రాజ్యలక్ష్మమ్మ స్ట్రెచర్ మీద పడుకునే కోడలికి కుంకుమ పెట్టి, జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టింది. ఆవిడ మనసున్న మనిషి. ఆపరేషన్ అయ్యాక దిండుకి ఆనుకుని కాఫీ తాగుతూ, "పిల్ల ఏమన్నా తిన్నదా?" అని అడిగింది. పిల్ల ఇంకా ఓర్పు గదిలో నేల మీదే ఉంది.

ఆ తర్వాత మరిది అపెండిసైటిసు, ఉమాపతి జ్ఞానదంతం, మళ్లీ అత్తగారి మోకాలు. ఓర్పు గదిలో ఆయా చూడామణిని చూడగానే ఫ్యాను కింద చోటు ఖాళీ చేయించేది. వాళ్లిద్దరికీ అంత చనువు ఏర్పడింది.

గోళీలకీ ఇదే పద్ధతి. వీధి చివర మెడికల్ షాపు సాంబయ్య ఏ నొప్పికి గోళీ అడిగినా, "ఎవరి పేరు మీదండీ?" అని అడిగి మరీ ఇస్తాడు. పేరు చెప్పకుండా మింగితే నొప్పి ఊరంతా తిరిగి బయల్దేరిన చోటికే వస్తుంది. ఉమాపతికి యార్డు నుంచి ఇంటికి రాగానే తలనొప్పి. గోళీ వేసుకుని, "అమ్మయ్య" అంటూ టీవీ ముందు కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో చూడామణికి ఎడమ కణత దగ్గర మొదలయ్యేది. వెలుతురు చూడలేకపోయేది, తాలింపు వాసనకి వాంతి వచ్చేది. చూడామణికి పార్శ్వపు నొప్పి ఉందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు, పాపం అని కూడా అన్నారు. ఇంట్లో ఇంకే నొప్పి వచ్చినా, "ఎలాగూ తల పట్టుకుని పడుకునే ఉందిగా, దాంతోపాటే ఇదీనూ" అనేవాళ్లు. అందులో దురుద్దేశమేమీ లేదు. ఉన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

ఒకసారి ఆవిడ ధైర్యం చేసి ఆసుపత్రిలో మత్తు డాక్టరుని ఆపి అడిగింది, తన తలనొప్పికి మందేమైనా ఉందా అని. ఆయన కనురెప్పలు ఎత్తి చూసి, మెడ వెనక నొక్కి చూశాడు.

"మీకసలు ఆ జబ్బు లేదమ్మా."

"మరి నా తలనొప్పి?"

"అది మీదని ఎవరు చెప్పారు?" అని ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

ఇదంతా జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు చూడామణికే గర్భసంచి తీసేయాలన్నారు. ఆ ఇంట్లో ఎన్నడూ లేని సమస్య వచ్చిపడింది: ఓర్చుకునేవాళ్లు ఎవరు?

అన్నాలు తిన్నాక అందరూ కూర్చుని నెమ్మదిగానే మాట్లాడుకున్నారు. ఉమాపతికి సీజను. ఆయన ఉద్యోగంలో సీజను కానిది ఎప్పుడో ఎవరికీ తెలీదు. మరిది లారీ నడుపుతాడు, ఒంట్లో నొప్పి పెట్టుకుని స్టీరింగు పడితే రోడ్డు మీద జనం సంగతేమిటి? రాజ్యలక్ష్మమ్మ, "నేనుంటానర్రా, ఏమైతే అదవుతుంది" అంది గానీ, ముసలివాళ్లని ఓర్పు గదిలోకి రానివ్వరని ఆవిడకీ తెలుసు. అప్పుడు హారిక నోరు విప్పింది. చూడామణి కూతురు, డిగ్రీ మొదటి సంవత్సరం, పద్దెనిమిది నిండి నెల కూడా కాలేదు.

"నేనున్నాగా. నేనోర్చుకుంటా."

ఇంట్లో గాలి ఆడింది. ఉమాపతి కూతురి తల నిమిరి, "నా బంగారం" అన్నాడు. నిజంగానే ఆయన కళ్లు చెమర్చాయి. రాజ్యలక్ష్మమ్మ లేచి, బీరువాలో జాకెట్టు గుడ్డ వెతకడానికి లోపలికి వెళ్లింది.

చూడామణి కూతురి ఎడమ చేతివైపు చూసింది. సన్నటి మణికట్టు, దాని మీద కాలేజీలో ఎవరో పెన్నుతో గీసిన పువ్వు. ఆ చేతికే దారం కడతారు. తన ఆపరేషన్‌తో అయిపోయేదైతే పిల్లని ఓర్చుకోనిచ్చేదేమో. కానీ అది అక్కడితో ఆగదు. రేపు తండ్రి తలనొప్పి, ఎల్లుండి బాబాయి నడుం, ఆ తర్వాత అత్తారింటి నొప్పులన్నీ.

"వద్దు. దాని చేతికి దారం కట్టడానికి వీల్లేదు," అంది.

"మరి ఇంకెవరున్నారే?" అన్నాడు ఉమాపతి. పాపం, ఆయనకి నిజంగానే ఎవరూ తట్టలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున కౌంటర్ దగ్గర సిస్టర్ అడిగింది. "ఓర్చుకునేవాళ్లెవరమ్మా?"

"నేనే."

"మీరు కోయించుకునేవాళ్లు కదా."

"రెండూ నేనేనమ్మా."

సిస్టర్ ఆశ్చర్యపోలేదు. "ఊఁ, వస్తుంటారులెండి అలా కూడా," అని రెండు చోట్లా ఒకే పేరు ఎక్కించుకుంది. మత్తు డాక్టరు మాత్రం సూది పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు.

"మీ నుంచి మీకే వస్తే ఇక మందెందుకమ్మా?"

"రూలు ప్రకారం ఇవ్వాలి కదండీ," అంది చూడామణి. ఆయన ఇచ్చాడు.

కళ్లు మూతపడ్డాయి, కాళ్లూ చేతులూ కదలడం మానేశాయి. కత్తి పడగానే నొప్పి ఒంట్లోంచి లేచి బయటికి వెళ్లింది, అలవాటైన దారి వెతుక్కుంది, తిన్నగా వెనక్కి వచ్చింది. చూడామణి ఒక్క కోతా వదలకుండా అంతా అనుభవించింది. అరవడానికి నోరు లేదు, ఉన్నా బోర్డు ఉంది. ఆ నరకం మధ్యలో ఆవిడకి ఒక సంగతి తట్టింది. హారికని కన్న తర్వాత సొంతంగా తనదంటూ వచ్చిన నొప్పి ఇదొక్కటే. హారిక చేతి మీది పెన్ను పువ్వుని తలుచుకుని పట్టుకుంది, కుట్లు వేసేదాకా వదల్లేదు.

వార్డులో కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఉమాపతి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. మొహం తేటగా ఉంది.

"పొద్దున్నుంచీ కంగారుతో తల పగిలిపోయిందనుకో," అన్నాడు. "గోళీ వేసుకున్నా, ఇప్పుడు నయం."

చూడామణి తన ఎడమ కణత తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. ఎన్నో ఏళ్ల తర్వాత తల ఖాళీగా, తేలిగ్గా ఉంది. అది తెలియగానే ఆవిడకి భయం వేసింది. తలుపు దగ్గర నానమ్మ చెయ్యి పట్టుకుని హారిక నిలబడి ఉంది. నుదుటి మీద కొత్తగా పెట్టిన కుంకుమ. ఎడమ చెయ్యి చున్నీ కింద.

"ఇలా రా. చెయ్యి చూపించు."

హారిక చూపించింది. దారం కింద పువ్వు సగం కనిపిస్తోంది.

"ఆపరేషన్‌లో ఉన్నవాళ్ల పేరు నడవదన్నాడమ్మా సాంబయ్య," అంది పిల్ల. "నాన్న గోడకి తల ఆనించుకుని కూర్చున్నారు. చూడలేక నా పేరు చెప్పి దారం కట్టించుకున్నాను. ఒక్క గోళీయేగా."

"ఒక్కటేనే," అన్నాడు ఉమాపతి కాఫీ పోస్తూ.

వార్డులో అరవరాదని బోర్డేమీ లేదు. చూడామణి నోరు తెరిచింది కూడా. కేక రాలేదు. కుట్లు పట్టుకుని కాస్త పక్కకి జరిగి, కూతురికి మంచం మీద చోటిచ్చింది. హారిక కిటికీ వెలుతురుకి కళ్లు చిట్లించుకుంటూ తల్లి పక్కన ఒదిగి పడుకుంది.

"ఎటువైపు?" అని అడిగింది చూడామణి.

"ఎడమవైపు."

"అయితే కుడివైపు తిరిగి పడుకో, కాస్త నయంగా ఉంటుంది," అంటూ ఆవిడ కొంగుతో పిల్ల కళ్లు కప్పింది. "రేపటి నుంచి నాన్న యార్డు నుంచి వచ్చేలోపే వంట ముగించుకో."