కంప్యూటరుకు కరువు బృందం

2006వ సంవత్సరం సెప్టెంబరు నెలలో, అనంతపురం జిల్లాలోని ఒక మండలాఫీసులో ఉన్న ఏకైక కంప్యూటరు తాను ప్రమాదంలో ఉన్నట్టు స్వయంగా ప్రకటించింది. మనుషులూ పశువులూ చేలూ ఇలాంటి ప్రకటన చేయడం ఆ జిల్లాకు కొత్త కాదు. యంత్రం చేయడం మాత్రం అదే మొదటిసారి. మండలం పేరు చెప్పడం లేదు. చెబితే ఆ గౌరవం తమకు రావలసిందని చుట్టుపక్కల మండలాలు నొచ్చుకుంటాయి. బెళుగుప్ప వైపు నేల అనుకుంటే చాలు.

ఈ ఘనతకు కారకుడు జయరాం. ఆ కంప్యూటరుకు ఆపరేటరు, వేరుశెనగ రైతు ఎర్రిస్వామి కొడుకు. ఉద్యోగం కాంట్రాక్టుది. ఏటేటా ఎమ్మార్వోగారి సంతకం పడితే బతుకుతుంది, లేకపోతే లేదు. ఆ ఏటి సంతకం పడవలసింది ఆ నెలాఖరుకే. ఎర్రిస్వామికి వాన మీద ఎంత నమ్మకమో జయరాంకు ఆ సంతకం మీద అంతే నమ్మకం. తండ్రీ కొడుకులిద్దరూ పైకి చూస్తూ అన్నం తినేవాళ్ళు.

జరిగింది చాలా చిన్న సంగతి. కంప్యూటరులో వైరస్సులను పట్టే పాత ప్రోగ్రాముకు గడువు తీరింది. జయరాం దాన్ని తీసేసి కొత్తది పెట్టాడు. పాతది పోయింది కానీ దాని పేర్లు పోలేదు. కంప్యూటరు లోపల రిజిస్ట్రీ అని ఒకటుంటుంది. ఏ ప్రోగ్రాము ఎక్కడ కాపురముందో, దేనికి ఏ అధికారముందో అందులో రాసి ఉంటుంది. ప్రోగ్రాము చచ్చినా దాని పేరు అందులో బతికే ఉంటుంది. మన ఓటర్ల జాబితాలు చూసినవాళ్ళకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. జయరాం పనిమంతుడు, పైగా అది సంతకాల నెల. చచ్చినవాళ్ళ పేర్లు ఏరి పారేద్దామని కూర్చుని, మిగిలిపోయిన ముక్కలన్నీ తుడిచేశాడు. ఆ ఊపులో బతికున్నవాళ్ళవి కూడా కొన్ని కొట్టుకుపోయాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మర్నాడు స్విచ్చి వేయగానే తెర కింది మూలన ఎర్ర డాలు బొమ్మ ఒకటి లేచి, మీ కంప్యూటరు ప్రమాదంలో ఉండవచ్చు అంది. నొక్కి మూస్తే మళ్ళీ లేచింది.

నిజానికి ప్రమాదమేమీ లేదు. కొత్త ప్రోగ్రాము తన పని తాను చేసుకుపోతూనే ఉంది. కాకపోతే కంప్యూటరులో కాపలా చూసే విభాగానికి అది కనిపించడం లేదు. పనిచేసేవాడు పైవాడికి కనిపించకపోవడం మన దగ్గర వింత కాదు కాబట్టి జయరాం డాలును చూసి భయపడలేదు. ఎమ్మార్వో శ్రీరంగప్పగారిని తలుచుకుని భయపడ్డాడు. యంత్రాన్ని చెడగొట్టావంటే సంతకం గోవిందా. అందుకని తెర మూలన ఒక క్యాలెండరు ముక్క అంటించాడు. శ్రీరంగప్పగారు గదిలోకి రాగానే ముందు ఆ ముక్కనే ఎత్తి చూశారు. ఎవరు ఎక్కడ ఏది దాచారో కనిపెట్టడంలో ఆయనకు ముప్పయ్యేళ్ళ సర్వీసుంది.

జయరాం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ప్రమాదం లేదనీ, ఉత్త హెచ్చరికేననీ, రెండు రోజుల్లో సరిచేస్తాననీ వేడుకున్నాడు. శ్రీరంగప్పగారు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఎర్ర డాలును చాలాసేపు ముద్దుగా చూశారు.

"బాగుండాదని చెప్పుకున్నోనికి ఈ జిల్లాలో ఎవరన్నా ఏమన్నా ఇచ్చినారా జయరాం? ప్రమాదంలో ఉండానని అదే నోరు తెరిచి చెప్తాంటే, నువ్వు దాని నోరు మూయిస్తానంటావేమప్పా?"

ఆ మాటలో చరిత్ర ఉంది. ఆ జిల్లాలో వేరుశెనగ పండినా పండకపోయినా కరువు ప్రకటన మాత్రం పండుతుంది. కరువు మండలాల్లో తమ పేరు వచ్చిన ఆఫీసులో మిఠాయి పంచుతారు. పేరు రానివాళ్ళు బస్సులు ఆపి, మాకేం తక్కువని ధర్నా చేస్తారు. అలాంటి చోట ప్రమాదాన్ని పోగొట్టుకుంటానన్నవాడు జయరాం ఒక్కడే. అది అతని చదువు లోపమని శ్రీరంగప్పగారు పెద్ద మనసుతో క్షమించారు.

ఆ సాయంత్రమే పైకి నివేదిక వెళ్ళింది. "ఈ మండలమందు గల కంప్యూటరు తీవ్రమైన ప్రమాద పరిస్థితులను ఎదుర్కొనుచున్నదనియు, సదరు యంత్రము 'ఉండవచ్చు' అను మాటను వినయముచేత వాడినదే తప్ప సందేహముచేత కాదనియు తమ దృష్టికి తెచ్చుచున్నాము" అని అందులో రాశారు. సహాయం కింద ఒక కొత్త కంప్యూటరు, ఒక పెద్ద బ్యాటరీ, ఒక కూలరు కోరారు. ప్రమాదం పక్క గదికి పాకే అవకాశం ఉన్నందున ఎమ్మార్వోగారి గదికి మరొక కూలరు కోరారు.

సంగతి పొక్కడానికి రెండు రోజులు పట్టలేదు. పక్క మండలాల ఆపరేటర్ల నుంచి జయరాంకు ఫోన్ల మీద ఫోన్లు. అన్నా, నువ్వు ఏమేమి తుడిచినావో మాకూ చెప్పన్నా, మా సారు పానం తీస్తాండాడు అని బతిమాలారు. జయరాం దాపరికం లేని మనిషి. చెప్పాడు. వారం తిరిగేసరికి ఆ చుట్టుపక్కల ఎర్ర డాలు లేవని మండలాఫీసు లేదు. ఒకాయన ఉత్సాహం పట్టలేక ఉన్నదంతా తుడిచేసి, కంప్యూటరు అసలు లేవకుండా చేసుకున్నాడు. ప్రమాదంలో ఉన్నానని చెప్పే స్తోమత దానికి లేదు కాబట్టి దాని పేరు ఎక్కడా చేర్చుకోలేదు.

పైనుంచి కంప్యూటర్ల క్షేమ పరిశీలక బృందం అని ఒకటి గురువారం వస్తుందని కబురొచ్చింది. మండలాఫీసు ముస్తాబయింది. షామియానా వేశారు, టెంకాయ బోండాలు తెప్పించారు. కరువు బృందాలు జీపు దిగకుండానే చేలు చూసే ఆచారం ఉంది కాబట్టి, కంప్యూటరును కూడా రోడ్డుకు ఎదురుగా వరండాలో, తెర బయటికి తిప్పి పెట్టారు. బృందం అంటే రైతులుండాలి కాబట్టి ఎర్రిస్వామితో పాటు పదిమందిని రమ్మన్నారు. ఎండిన వేరుశెనగ చెట్టు చేత పట్టుకుని నిలబడాలా అని వాళ్ళడిగారు. ఇది ఆ బృందం కాదని చెప్పబోయి, శ్రీరంగప్పగారు ఒక్క క్షణం ఆలోచించి, పట్టుకుంటేనే ఫొటో నిండుగా ఉంటుందన్నారు.

ఎర్రిస్వామి అసలు వచ్చింది వేరే పని మీద. ఆ ఏడు ఎండిపోయిన చేల వివరాలన్నీ, అతని చేనుతో సహా, జయరాం ఆ కంప్యూటరులోనే కొట్టి పెట్టాడు. కంప్యూటరు వచ్చాక ఇంకా కాగితాలెందుకని మూలప్రతులను మిరపకాయ బజ్జీల అంగడికి వేసేశారు. పైవాళ్ళు అడిగినప్పుడు పంపుదామని మండలం మొత్తం నష్టం అందులో భద్రంగా ఉంది. తన చేను సంగతి పైకి ఎప్పుడు పోతుందని ఎర్రిస్వామి అడిగితే, ముందు కంప్యూటరు కరువు తీరనీ అన్నారు.

బుధవారం మధ్యాహ్నం జయరాంకు చెయ్యి ఊరుకోలేదు. కాపలా విభాగానికి పాత జ్ఞాపకాలు చెరిపి కొత్తగా రాయిస్తే, కొత్త ప్రోగ్రాము దానికి కనిపిస్తుందని అతను ఎక్కడో చదివాడు. నిజమో కాదో చూద్దామని చేశాడు. నిజమే. కంప్యూటరు లేచింది, డాలు లేవలేదు. పనివాడికి పని కుదిరినప్పుడు కలిగే సంతోషం అతనికి నిండుగా కలిగింది, కానీ అది శ్రీరంగప్పగారు వరండాలోకి వచ్చేవరకే. కరువు బృందం వచ్చే ముందురోజే నాలుగు చినుకులు రాలి, గట్ల మీద పచ్చిక లేచి, మండలం నోట మట్టి కొట్టడం ఆయన ఎన్నోసార్లు చూశారు. కంప్యూటరు కూడా ఆ పని చేస్తుందని అనుకోలేదు.

"పొద్దున్నకి ఎరుపు లేకుంటే, నెలాఖరుకి నువ్వు లేవు" అన్నారు.

జయరాం తుడిచినవన్నీ మళ్ళీ తుడిచి చూశాడు. కాపలా విభాగం ఈసారి మోసపోలేదు. చివరికి గురువారం పొద్దున వేరే దారి లేక, వైరస్సులను పట్టే కొత్త ప్రోగ్రామునే తీసేశాడు. బయటివాళ్ళు రాకుండా అడ్డుండే గోడ కూడా దించేశాడు. డాలు ఎర్రగా లేచింది. అంతకుముందు అబద్ధంగా ఉన్న హెచ్చరిక ఇప్పుడు నిజమైంది. శ్రీరంగప్పగారికి రెండింటికీ తేడా కనిపించలేదు. జయరాం భుజం తట్టారు.

బృందం వచ్చింది. నాయకుడు జీపు దిగడమే గాక, ప్రోటోకాల్ పక్కన పెట్టి కంప్యూటరు దగ్గరికి కూడా నడిచారు. బోండాం తాగి ప్రసంగించారు.

"ప్రమాదం అనేది అభివృద్ధికి మొదటి మెట్టు. ప్రమాదమే లేని మండలం ఎప్పటికి పైకొస్తుంది? ఈ యంత్రం చూపిన చైతన్యం మనుషులకు కూడా ఆదర్శం కావాలి."

రైతులు ఎండిన చెట్లు చంకన పెట్టుకుని చప్పట్లు కొట్టారు. తర్వాత నాయకుడు జేబులోంచి ఒక పెన్‌డ్రైవు తీసి కంప్యూటరుకు గుచ్చారు. పరిశీలన పత్రం అందులో ఉంది. ఆ పెన్‌డ్రైవు అప్పటికే ఎన్నో ఆఫీసుల కంప్యూటర్లను పరిశీలించి ఉంది. ఎక్కడెక్కడి వైరస్సులన్నీ దాంట్లో కాపురం పెట్టి, పిల్లా పాపలతో సుఖంగా ఉన్నాయి. జయరాం ఒక అడుగు ముందుకేశాడు. నాయకుడు గుచ్చిన దాన్ని పీకమని కాంట్రాక్టువాడు చెప్పడమా? వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

బృందం జీపు ఇంకా కనిపిస్తూనే ఉంది, తెర మీద డాలు మాయమైంది. లోపలికి వచ్చిన వైరస్సు తెలివైనది. అది మొట్టమొదట హెచ్చరించేవాడి నోరు మూసింది. తర్వాత తీరిగ్గా భోజనానికి కూర్చుంది. సాయంత్రానికి మండలంలోని ఎండిన చేలన్నీ తినేసింది. తెర మాత్రం ఎంతో ప్రశాంతంగా ఉంది.

ఈ వార్త పైన వేరే విధంగా అందింది. బృందం పాదం మోపిన గంటలోనే ప్రమాదం తొలగిపోయిందని నాయకుడు నివేదిక రాసుకున్నారు. కూలర్లు రాలేదు కానీ, శ్రీరంగప్పగారికి ప్రశంసాపత్రం వచ్చింది. ప్రశంసాపత్రం వస్తుందనేసరికి మిగతా మండలాలవాళ్ళకు ఎర్ర డాళ్ళ మీద మోజు తీరిపోయింది. మాకూ ఆ పెన్‌డ్రైవే కావాలని అర్జీలు పెట్టారు. దాన్ని జీపులో పెట్టి మండలం మండలం తిప్పే బాధ్యత అనుభవజ్ఞుడైన జయరాంకే అప్పగించారు.

అతను ఒక్కసారి మాత్రం ఎమ్మార్వోగారి గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"సార్, ప్రమాదం పోలేదు. ఇప్పుడే వచ్చింది. రైతుల నష్టం ఒక్కటీ లోపల లేదు. మా నాయన చేను కూడా పోయింది."

శ్రీరంగప్పగారు తల ఎత్తలేదు. "మిషను ఏమన్నా అంటాందా?"

"అనడం లేదు సార్."

"అదే ఊరకుండాది. మధ్యలో నీకేమప్పా?" అని కాంట్రాక్టు కాగితం ముందుకు జరుపుకుని, పెన్ను మూత తీశారు. తీసి, సంతకం పెట్టకుండా జయరాం ముఖంలోకి చూస్తూ ఆగారు.

జయరాం ఏమీ అనలేదు. సంతకం పడింది.

ఇంటికి పోయాక ఎర్రిస్వామి కంప్యూటరుకు నయమయిందా అని అడిగాడు. అయింది నాయనా, ఇప్పుడేమీ అనడం లేదు అన్నాడు జయరాం. ఎర్రిస్వామి ముద్ద కలుపుతూ కొడుకు వైపు చూశాడు.

"శెనిక్కాయ చెట్టూ అంతే. పానముండేంతసేపే ఆకు వాల్చి సూపిస్తాది. సచ్చినాంక ఏమీ అడగదు."

ఆ తర్వాత ఆ ప్రాంతంలో ఏ కంప్యూటరూ ఏ ప్రమాదమూ ప్రకటించలేదు. జయరాం కూడా ఎవరినీ హెచ్చరించడం మానేశాడు, ఏటేటా సంతకం పడుతూనే ఉంది. ఆ పెన్‌డ్రైవు జిల్లా పొలిమేర దాటిందో లేదో అధికారికంగా తెలియదు. పాఠకులు తమ ఆఫీసూ తమ ఊరూ ఎంత ప్రశాంతంగా ఉన్నాయో ఒకసారి చుట్టూ చూసుకుని, తామే నిర్ధారించుకోగలరు.