అయిదు కిలోల సాక్షి

నవ్వకండి, చెబుతాను. నలభై ఏళ్ళుగా కాటాలు బాగుచేసి బతుకుతున్నవాణ్ణి. ఎంతమంది దొంగ తూకాలు పట్టుకున్నానో! అలాంటి నన్ను రోజూ పొద్దున్నే కాటా ఎక్కమన్నాడండీ డాక్టరు.

"మీ గుండె ఆగిపోలేదు, అలిసిపోయింది. రక్తాన్ని సరిగ్గా తోడలేకపోతోంది. అందుకే ఒంట్లో నీరు నిలుస్తోంది. ఉప్పు తింటే ఇంకా నిలుస్తుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే రండి" అన్నాడు.

నేను బుర్ర ఊపాను. మా ఆవిడ కాగితమ్మీద రాసుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజే ఇంట్లో ఉప్పుడబ్బా అజ్ఞాతంలోకి వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. దుకాణంలో ఉప్పు వేరుశనగల పొట్లాలు దాచుకున్నాను. మూడోనాటికి కాటా రెండు కిలోలు ఎక్కువ చూపించింది.

కాటా నాకు ఎదురుచెప్పడమా! అడుగు విప్పి, మొదటి రెండు కిలోలూ లెక్కలోకి రాకుండా బిగించాను. ఖాళీ కాటా మీద ముల్లు మాత్రం బుద్ధిగా సున్నా దగ్గరే ఉంది.

"చూశావా, గ్రాము పెరగలేదు!" అన్నాను.

"మరి చెప్పులు పట్టట్లేదేమండీ?"

"తోలు కుంచించుకుపోయింది."

"నాలుగు మెట్లెక్కితే ఆయాసమెందుకు?"

"మెట్లు పాతబడ్డాయి."

"పగటి కునుక్కి మూడు దిళ్ళెందుకు?"

"నా దిళ్ళు, నా ఇష్టం! నా గుండె, నా ఇష్టం!"

ఆవిడ తిన్నగా నా దుకాణంలోకెళ్ళి, కాటాలు పరీక్షించే అయిదు కిలోల రాయి తెచ్చింది. ప్రభుత్వ ముద్ర ఉన్న రాయి. కాటా మీద పెట్టింది. ముల్లు మూడు దగ్గర ఆగింది.

"పాపం, ఈ రాయి కూడా ఉప్పు మానేసిందా అండీ?"

ఆ రాయి చూపించే కదా ఇన్నేళ్ళూ అందరి నోళ్ళూ మూయించాను!

"ఊరందరి తూకాలూ సరిచేశారు. నా దగ్గరా దొంగ తూకం?" ఆవిడ కళ్ళు నిండాయి. "మీరు పోతే నేనెవరితో పోట్లాడాలి? మిమ్మల్ని పోనివ్వను. ఏం చేసుకుంటారో చేసుకోండి. లేవండి!"

లేచి ఆవిడ వెంట ఆసుపత్రికి నడిచాను. "ఇంకో రోజు ఆగుంటే ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయేది" అని డాక్టరు ఇంజెక్షను పొడిచాడు.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ ముందు రాయి కాటా ఎక్కుతుంది. అది అయిదు చూపిస్తేనే నా వంతు.

ఇవాళ ఒక్క గ్రామూ పెరగలేదు. ఛాతీ విరుచుకుని, "ఈ గుండె ఓడేది కాదే!" అన్నాను.

"ఓడనివ్వను. జేబులో పొట్లం ఇలా ఇవ్వండి."

ఇచ్చేశాను.